మూడు తీసెయ్యాలి

ఎదుటివాళ్ళ తప్పుల గురించి రాయమంటే ఎవరైనా దస్తాలు నింపుతారు. సొంత తప్పు రాయమంటే పెన్నులో ఇంకు ఉండదు. నాకూ ఇన్నాళ్ళూ లేదు. రిటైరై మూడేళ్ళయింది, ఇప్పుడు నాకు మెమో ఇచ్చే నాథుడు లేడు. అందుకని ధైర్యం చేసి రాస్తున్నాను. ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు చదివితే మంచిది. చదివి నన్ను నాలుగు మాటలు అనుకున్నా ఫర్వాలేదు, నేను మీ వయసు వాళ్ళని అంతకన్నా ఎక్కువే అన్నాను.

విజయవాడలో ఒక కాలేజీ రీసెర్చి ల్యాబులో ఇరవై ఆరేళ్ళు టెక్నీషియన్‌గా చేశాను. గాజు సామాను కడగడం దగ్గర్నుంచి మిషన్లు నడపడం దాకా, ఎక్కడా పేరు అచ్చు కాని పనులన్నీ మావి. కొండపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. నోరు దురుసని పేరుంది, ఆ పేరు అబద్ధమేమీ కాదు. మిషన్ మీద టీ గ్లాసు పెట్టినందుకు నేనన్న మాటలకి ఒక స్కాలరు పీహెచ్‌డీయే మానేశాడని చెప్పుకునేవాళ్ళు. అది మాత్రం అబద్ధం. అతనికి బ్యాంకులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు.

మా ల్యాబులో చూసేది కణాల పొర. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వుతో అల్లిన పల్చటి పొర ఉంటుంది. ఆ కొవ్వు అణువుకి ఒక తల, రెండు తోకలు. తలకి నీళ్ళంటే ఇష్టం, తోకలకి గిట్టదు. అందుకే నీళ్ళలో వేస్తే వాటంతట అవే రెండు వరసలు కట్టి, తలలు నీళ్ళవైపు పెట్టి, తోకలు లోపల దాచుకుంటాయి. చల్లగా ఉన్నంతసేపూ తోకలు నిటారుగా, ఒద్దికగా ఉంటాయి. వేడి తగిలితే వంకర్లు తిరిగి, పక్కవాటిని నెట్టి, చోట్లు మారుతుంటాయి. చలికాలంలో పేరుకున్న నెయ్యి ఎండకి కరిగినట్టే అనుకోండి. మేం వాడే రకం కొవ్వు నలభై ఒక్క డిగ్రీల దగ్గర ఇలా కరుగుతుంది. ఆ తోకల మధ్యకి ఒక మెరిసే పదార్థాన్ని పంపి, దాని మీద వెలుతురు వేసి, అది ఎంత అటూ ఇటూ ఊగుతోందో మిషన్‌లో చూస్తాం. బాగా ఊగితే పొర కరిగినట్టు, ఊగకపోతే పేరుకున్నట్టు.

నమూనాని వేలెడంత గాజు సీసాలో పోసి మిషన్‌లో పెడతాం. వేడి చెయ్యడానికి పక్కన వాటర్ బాత్ అనే నీళ్ళ తొట్టి ఉంటుంది. అందులో కాగిన నీళ్ళు రెండు బారల రబ్బరు గొట్టంలోంచి వచ్చి సీసా చుట్టూ తిరిగి వెనక్కి పోతాయి. బాత్ మీద కనిపించే అంకె తొట్టిలో నీళ్ళ వేడి. సీసా దాకా వచ్చేసరికి దారిలో కొంత పోతుంది. ఎంత పోతుందో, మిషన్ వచ్చిన కొత్తలో, సన్నటి థర్మామీటరు సీసాలో ముంచి నేనే కొలిచాను. బాత్ నలభై నాలుగు చూపిస్తే సీసాలో నలభై ఒకటి ఉంది. తెల్ల ప్లాస్టరు ముక్క మీద ‘మూడు తీసెయ్యాలి’ అని రాసి బాత్ ముందు అంటించాను. తర్వాత ఆ థర్మామీటరు నా చేతుల్లోనే పగిలింది. ఇంకోటి కావాలని ఇండెంటు పెట్టాను, అది ఆఫీసులో ఏ ఫైలు కింద పడిందో రాలేదు. ప్లాస్టరు ఉందిగా అని నేనూ వెంటపడలేదు.

అలా పదకొండేళ్ళు గడిచాయి. కొత్త స్కాలరు వస్తే మొదటి పాఠం అదే: బాత్ అంకెలోంచి మూడు తీసెయ్యి. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే నేను ఊరుకునేదాన్నీ కాదు. ప్లాస్టరు మాసిపోతే కొత్తది రాసి అంటించాను. రాయడమే గానీ మళ్ళీ కొలిచింది లేదు.

నా ఉద్యోగం ఆఖరి రోజుల్లో ల్యాబులో ఒక స్కాలరు అమ్మాయి ఉండేది, హనుమాన్ జంక్షన్ దగ్గర నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న వ్యవసాయం. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఈమే. నన్ను ‘ఆంటీ’ అనేది. మొదట్లో మేడమ్ అనమని గదిమాను. నాలుగు రోజులు మేడమ్ అని, ఐదో రోజు మళ్ళీ ఆంటీకే వచ్చింది. సీసాలు తను కడుక్కుని, బోర్లించి, కింద గుడ్డ పరిచి మరీ వెళ్ళేది. ఇరవై ఆరేళ్ళలో అలాంటి స్కాలర్లు ముగ్గురో నలుగురో.

నొప్పులకి వాడే ఒక మందు ఈ పొరని ఎలా కదిలిస్తుందన్నది ఆమె థీసిస్. డిసెంబరులో మందు కలపని కొవ్వు మీద కొలతలు తీసింది. చక్కగా నలభై ఒకటి దగ్గర కరిగింది. మందు కలిపిన వాటికి మే నెల వచ్చింది. సరిగ్గా అప్పుడే మా గదిలో ఏసీ చచ్చింది. రిపేరుకి రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. మే నెల విజయవాడ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పొద్దున్నే వచ్చి, కిటికీలు తీసి, తడి తువ్వాలు మెడకి చుట్టుకుని చేసింది ఆ పిల్ల. మందు కలిపిన కొవ్వు ముప్పై ఏడు దగ్గరే కరిగింది. నాలుగు డిగ్రీల తేడా అంటే చిన్న విషయం కాదు. వాళ్ళ గైడ్ సార్ పొంగిపోయి పేపరు రాసి పంపారు.

పేపరు అచ్చువేసే పత్రిక వాళ్ళ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఇంత తేడా నమ్మశక్యంగా లేదు, మందు కలపని కొవ్వు మీద మళ్ళీ కొలిచి చూపించండి అని. జూన్‌లో మళ్ళీ కొలిచింది. ముప్పై ఎనిమిది వచ్చింది. మూడుసార్లు చేసినా అంతే. ఇంకొకరైతే ఆ కాగితాలు చింపేసి ఊరుకునేవాళ్ళు. ఈమె తిన్నగా తీసుకెళ్ళి సార్ బల్ల మీద పెట్టింది.

సార్ చెడ్డ మనిషి కాదు. మందలించినా ‘మీరు’ అనే మందలిస్తారు. కానీ తన పేరుతో తప్పుడు పేపరు అచ్చవుతుందంటే ఆయనకి చలిజ్వరం వచ్చినట్టే. నన్ను పిలిచి, “అమ్మా, మిషన్ సరిగ్గానే ఉందా?” అని అడిగారు.

“మిషన్‌కేంటండీ, నిక్షేపంగా ఉంది,” అన్నాను.

పిల్లలూ, ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగండి. నేను మిషన్ దగ్గరికి వెళ్ళి చూసి చెప్పలేదు. గుమ్మంలో నిలబడి చెప్పాను. అడిగినందుకే కోపం వచ్చింది నాకు.

సార్ ఆ అమ్మాయి వైపు తిరిగారు. “మిషన్ బాగుంది. అదే కొవ్వు డిసెంబరులో నలభై ఒకటి, జూన్‌లో ముప్పై ఎనిమిది. కొవ్వు కరిగే వేడి నెలనెలా మారుతుందా? మీ డిసెంబరు గ్రాఫు చూడండి, పుస్తకంలో ఉన్నట్టు అచ్చుగుద్దినట్టు ఉంది. చేశారా, పుస్తకం చూసి గీశారా?”

“చేశాను సార్.”

“అయితే జూన్‌ది?”

“అదీ చేశాను సార్.”

రెండూ నిజమైతే ఎలా కుదురుతుందో ఆమె చెప్పలేకపోయింది. సార్ థీసిస్ సమర్పించే ఫారం మీద సంతకం పెట్టనన్నారు. ఆమెకి అప్పటికే గడువు రెండుసార్లు పొడిగించారు. ఆ నెలాఖరు దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది, ఐదేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే. అన్నిటికన్నా, దొంగ లెక్కలు రాసిన పిల్ల అన్న ముద్ర పడిపోతుంది. డిసెంబరు గ్రాఫులు నమ్మదగినవి కావని ఆమె తన చేత్తో ఉత్తరం రాసిస్తే, దాన్ని బట్టి ఏం చెయ్యాలో ఆలోచిస్తానన్నారు సార్.

ఆ శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్ళి, డిసెంబరు, జూన్ అంకెల సంగతి చెప్పి మా ఆయన ముందు విసుక్కున్నాను. “ఈ కాలం పిల్లలకి చేతుల్లో శుభ్రం లేదండీ. కొవ్వు పాడైపోయుంటుంది. ఒప్పుకుంటే ఏం పోయింది?” అన్నాను. సీసాలు బోర్లించి గుడ్డ పరిచే పిల్ల గురించి అన్నాను ఆ మాట.

మా ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో మీటర్లు బాగుచేసే పని చేసి రిటైరయ్యారు. మాట తక్కువ. పప్పులో నెయ్యి వేసుకుంటూ, “మీ గొట్టానికి లాగింగ్ ఉందా?” అన్నారు.

“ఏంటీ?”

“లాగింగే. ఆవిరి గొట్టాల మీద దూది చుట్టి పైన రేకు వేస్తాంగా, దార్లో వేడి పోకుండా.”

“బోడి రబ్బరు గొట్టానికి రేకు ఎందుకండీ?”

“బోడి గొట్టం అయితే గది చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ పోద్ది, గది వేడిగా ఉంటే అసలు పోదు. నీ మూడు ఏ నెల్లో కొలిచావే?”

కంచం తీసి సింకులో వేసిన చప్పుడు పక్కింటికి వినిపించి ఉంటుంది. జనవరిలో కొలిచాను. గదిలో ఏసీ నడుస్తుండగా, మీద స్వెటర్ వేసుకుని కొలిచాను. అది నాకు ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. నెయ్యి, కొవ్వు, డిగ్రీలు అని ఇరవై ఆరేళ్ళుగా మాట్లాడేదాన్ని నేను. రెండు బారల గొట్టం గురించి ఆయన చెప్పాల్సొచ్చింది.

శనివారం ఆయన మీటరు ఒకటి క్యారేజీ సంచిలో పెట్టుకుని ల్యాబుకెళ్ళాను. దానికి దారంలాంటి సన్నటి తీగ ఉంటుంది, కొస ఎక్కడ ముంచితే అక్కడి వేడి చూపిస్తుంది. ఆ అమ్మాయి రాలేదు. తలుపు గడియ పెట్టి, తీగ సీసాలో ముంచాను. గది ముప్పై ఎనిమిది. బాత్ నలభై ఒకటి. సీసాలో నలభై ఒకటికి అర డిగ్రీ తక్కువ.

అంటే వేసవిలో తీసెయ్యాల్సింది మూడు కాదు, అర. మేం మూడు తీసేస్తూ వచ్చాం. డిసెంబరు కొలత సరే. మే, జూన్ కొలతల్లో ఆ పిల్ల నా ప్లాస్టరు చెప్పినట్టు బుద్ధిగా మూడు తీసి, లేని తేడాని తెచ్చుకుంది. తప్పంతా నా చేతిరాతలో ఉంది.

ఇక్కడ నేను వెంటనే పరిగెత్తుకెళ్ళి సార్‌కి చెప్పానని రాస్తే బాగుండేది. చెప్పలేదు. నా రిటైర్మెంటుకి రెండు నెలలుంది. శాలువా కప్పి, ఇరవై ఆరేళ్ళలో ఒక్క పొరపాటు లేదని చెప్పడానికి ఒకరిద్దరు ఉపన్యాసాలు కూడా సిద్ధం చేసుకుంటున్నారని తెలుసు. ఏసీ మీద తోసేద్దామా అనుకున్నాను. మెల్లగా వచ్చే వారం ఎవరి కంటైనా పడేలా చేద్దామా అనుకున్నాను. తీగ తుడిచి పెట్టెలో పెట్టి, ల్యాబుకి తాళం వేసి, మధ్యాహ్నం బస్సెక్కాను.

“చూశావా?” అన్నారు మా ఆయన.

“మీటర్లో బ్యాటరీ అయిపోయింది,” అన్నాను.

ఆయన ‘ఊఁ’ అన్నారంతే. ఆదివారం పొద్దున చర్చికి తయారై బల్ల దగ్గరికి వస్తే నా బైబిలు పక్కన కొత్త బ్యాటరీ ఒకటి పెట్టి ఉంది. ఆయన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఇటు చూడనైనా చూడలేదు. ఆ రోజు ప్రసంగం దేని మీదో ఇప్పుడడిగినా చెప్పలేను.

సోమవారం నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి ల్యాబులో బల్ల ముందు కూర్చుని ఉత్తరం రాస్తోంది. కళ్ళు వాచి ఉన్నాయి. వెనక నిలబడి చదివాను. ‘డిసెంబరు గ్రాఫుల మీద నమూనాల పేర్లు వేయడంలో నేను పొరపాటు పడి ఉండవచ్చు’ అని ఉంది.

“పడ్డావా?” అన్నాను.

“ఏమో ఆంటీ. పడలేదనే అనుకున్నా. కానీ సార్ అంత గట్టిగా అడుగుతుంటే ఆ రోజు ఏం చేశానో నాకే సరిగ్గా గుర్తురావట్లా. నిజంగా చేశానా, పుస్తకంలో అంకె కోసం చేసినట్టు అనుకున్నానా అని...”

“పెన్ను కింద పెట్టు,” అన్నాను. గొంతు మామూలుగా కసురుకున్నట్టే వచ్చింది, ఆ పిల్ల ఉలిక్కిపడి పెన్ను పడేసింది.

సార్ గదికి వెళ్ళాను. “సార్, మిషన్ నిక్షేపంగా ఉందని మీకు చెప్పాను. చూడకుండా చెప్పాను. ఒకసారి ల్యాబుకి రండి,” అన్నాను. నా మొహంలో ఏం కనిపించిందో, ఆయన ఏమీ అడక్కుండా లేచి వచ్చారు.

ఆయన ముందు, ఆ అమ్మాయి ముందు తీగ సీసాలో ముంచాను. ముగ్గురం మీటరు వైపు చూస్తూ నిలబడ్డాం. అంకె ఎక్కి ఎక్కి ఆగింది. సార్ మీటరు చూశారు, బాత్ చూశారు, ప్లాస్టరు చూశారు. మనసులో కూడికలు తీసివేతలు చేస్తున్నట్టు పెదాలు కదిలాయి. ఆ అమ్మాయికి ఆయనకన్నా ముందే అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయింది.

“ఇది ఎవరు అంటించారు?” అన్నారు సార్.

“నేనేనండి. చలికాలంలో, ఏసీలో కొలిచి అంటించాను. మళ్ళీ కొలవలేదు. ఈ సంగతి శనివారమే తెలిసింది, రెండు రోజులు దాచాను.”

తిడతారని నిలబడ్డాను. “నేను వారం రోజులుగా ఈ అమ్మాయి చెప్పేది వినలేదు,” అన్నారు చివరికి. “మీవి రెండు రోజులే కదమ్మా.” అంతలోనే ఆయన మొహం పాలిపోయింది. “పదకొండేళ్ళుగా అందరం మూడే తీశాం. నా పేపర్లన్నీ...”

అప్పుడు లాగ్ బుక్కులు దించాను. రోజూ పొద్దున గోడ మీది థర్మామీటరు చూసి గది వేడి, వరండాలో దాన్ని చూసి బయటి వేడి రాయడం నాకు అలవాటు. పనికొస్తుందని కాదు. ఎండలు ఈ ఏడు ఎక్కువా, పోయినేడు ఎక్కువా అని బస్సులో వాదన వస్తే గెలవడానికి రాసుకునేదాన్ని. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చుని పేజీలు తిప్పాం. గది వేడి ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై రెండు. పదకొండేళ్ళూ ఏసీ ఆగిన రోజున మిషన్ నడిపిన దాఖలా లేదు, నేనే నడపనిచ్చేదాన్ని కాదు. ఈ ఒక్క వేసవి తప్ప, అదీ గడువు దగ్గర పడుతోందని ఈ పిల్ల కోసం ఒప్పుకున్నాను. సార్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. “బతికించారమ్మా,” అన్నారు. నన్ను బతికించింది ఎవరో నాకు తెలుసు, ఇంట్లో మజ్జిగన్నం తింటూ ఉంటారని మాత్రం చెప్పలేదు.

ఆ వారమంతా ఆ అమ్మాయీ నేనూ గది చల్లగా ఉన్న పూట, వేడిగా ఉన్న పూట కొలిచి, గది ఎంతుంటే ఎంత తీసెయ్యాలో పట్టీ తయారుచేశాం. సార్ తన ఇంటి ఏసీ మెకానిక్‌ని తీసుకొచ్చి మా ఏసీ బాగుచేయించారు. లాగ్ బుక్‌లో ఏ రోజు గది ఎంతుందో ఉంది కాబట్టి పాత కొలతలన్నీ సరిదిద్దగలిగాం. కాస్త అటూ ఇటూగా మందు కలపని కొవ్వు డిసెంబరులోనూ నలభై ఒకటే, జూన్‌లోనూ నలభై ఒకటే. మందు కలిపింది నలభై. నాలుగు డిగ్రీలు కాస్తా ఒకటయ్యాయి. ఏసీలో మళ్ళీ చేసినా ఒకటే వచ్చింది. పేపరు ఇంకా అచ్చవలేదు కాబట్టి సార్ అంకెలు మార్చి, తప్పు ఎక్కడ జరిగిందో రాసి పంపారు.

“ఒకటే అని బాధగా ఉందా?” అని అడిగాను.

“లేదు ఆంటీ. ఉంది కదా, అది చాలు,” అంది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

నా శాలువా సన్మానంలో మచ్చలేని సేవ అని ఒకాయన అన్నారు. సార్ నా వైపు చూసి గట్టిగా దగ్గారు. ఆ దగ్గు నాకు శాలువా కన్నా నచ్చింది. కాబట్టి పిల్లలూ, మిషన్ మీద చీటీ అంటించే అలవాటు మీకూ ఉంటే, కింద తారీకు వెయ్యండి. ఆ పూట గది ఎంత వేడిగా ఉందో అదీ రాయండి. ముఖ్యంగా, చీటీ ఎందుకని అడిగేవాడి మీద నాలాగా కసురుకోకండి.

చెప్పాల్సింది ఇంకొకటుంది. గడువుకి రెండు రోజుల ముందు సార్ ఫారం మీద సంతకం పెట్టారు. నేను ల్యాబు సింకు దగ్గర సీసాలు కడుగుతున్నాను. ఆ అమ్మాయి ఫారం చేత్తో పట్టుకుని వరండాలోకి వెళ్ళి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. కిటికీ తీసే ఉంది. పరుగున వెళ్ళిన పిల్ల, ఆయన ఫోన్ ఎత్తగానే సంతకం అయిందని అరుస్తుందనుకున్నాను.

“నాన్నా, నేను పొరపాటు పడలేదంట,” అంది.

అవతల ఆయన ఏదో అడిగారు.

“సంతకం సంగతి తర్వాత చెప్తా నాన్నా. ముందు ఇది విను. డిసెంబరులో నేను చేసింది చేసినట్టే ఉంది. నిజంగానే చేశా.” మళ్ళీ, ఈసారి ఇంకా మెల్లగా, “నిజంగానే చేశా నాన్నా,” అంది.

నేను చేతిలో సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇరవై ఆరేళ్ళలో కుళాయి కట్టెయ్యకుండా వదిలేసింది అదొక్కసారే.